ఆదివారం పొద్దున ఎవరెక్కడ కూర్చుంటారు

కార్ల షోరూములో కొత్తగా చేరినవాళ్ళకు మొదటి వారమంతా బండి గురించే నేర్పుతారు. ఇంజను ఏమిటి, మైలేజీ ఎంత, గాలి సంచులు ఎన్ని, పైకప్పు అద్దం తెరుచుకుంటుందా లేదా. నాకూ అవే నేర్పారు. వాటిలో సగం ఇప్పుడు మరిచిపోయాను. మరిచిపోయినా నష్టం లేదు, కొత్త మోడల్ రాగానే అవి ఎలాగూ మారిపోతాయి. నాకు ఎవరూ నేర్పని సంగతి ఒకటుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఎవరైనా చదువుతారని రాస్తున్నాను.

నెల్లూరులో హైవే పక్కనున్న ఒక షోరూములో టెస్ట్ డ్రైవ్ బండ్లు నడిపి రిటైరయ్యాను. ధర మాట్లాడేది, లోను చూసేది వేరేవాళ్ళు. కొనాలనుకున్నవాళ్ళను ఎక్కించుకుని తిప్పడం, అడిగినదానికి నిజం చెప్పడం, తిరిగి తెచ్చి నిలబెట్టడం నా పని. దూరపు ఊళ్ళవాళ్ళయితే బండిని వాళ్ళ ఇంటికే తీసుకెళ్ళేవాణ్ణి. స్టార్ట్ చేసే ముందు స్టీరింగు మీద చెయ్యి పెట్టి మనసులో ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. షోరూములో కుర్రవాళ్ళకు అదొక పెద్ద వేళాకోళం.

"అంకుల్, కస్టమరు భయపడతాడు. బ్రేకుల మీద నీకే నమ్మకం లేదనుకుంటాడు" అనేవారు.

"బ్రేకుల మీద నమ్మకముంది నాయనా, తొక్కేవాడి మీదే లేదు" అనేవాణ్ణి.

నా భార్య ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా కాలమైంది. మాకు పిల్లలు లేరు. ఇంటికెళ్తే ఫ్యాను చప్పుడు, పక్కింటి టీవీ చప్పుడు. అందువల్లనేమో, బండిలో నిండా ఒక కుటుంబం ఎక్కితే నాకు ఎంతో బాగుండేది. ఆ కాసేపూ ఇంకొకరి ఇంటి మాటలు నా చెవిన పడేవి. ఏసీ ఎక్కువైందని ఒకరు, చాలలేదని ఒకరు, కిటికీ పక్కన నేనంటే నేనని పిల్లలు. మధ్యలో నన్ను కూడా లాగేవారు: "నువ్వు చెప్పన్నా, ఈ మనిషికి తెల్లరంగు ఎవరన్నా కొనిస్తారా?" వాళ్ళు దిగి వెళ్ళిపోయాక వెనకసీటులో బిస్కెట్ పొడి దులుపుతూ, ఆ మాటలే మళ్ళీ నాలో నేను అనుకుంటూ ఉండేవాణ్ణి.

ఇన్నేళ్ళలో నాకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. కుటుంబానికి బండి చూపించేటప్పుడు ముందు ఇంజను గురించి మాట్లాడను. ఇంట్లో అందరినీ పిలిపించి, "ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరినట్టు కూర్చోండి" అంటాను. విశ్వాసులు కానివాళ్ళతో "పెళ్ళికి బయల్దేరినట్టు" అంటాను. అలా అనగానే ఎవరూ ఆలోచించరు, అలవాటైన చోటుకు అలవాటుగా వెళ్ళిపోతారు. ముందుసీటు ఎవరిది, మోకాలు మడవలేనివాళ్ళు ఎవరు, వెనక మధ్యలో ఎత్తుగా ఉన్నచోట కాళ్ళు ముడుచుకుని ఎవరు కూర్చుంటారు, ఎవరికి వాంతులవుతాయి, అన్నీ తెలిసిపోతాయి. ఆ తరవాత బండి వాళ్ళకు సరిపోతుందో లేదో చెప్పడం పెద్ద కష్టం కాదు.

ఆదివారాలు మాత్రం నేను మా సంఘం వ్యాను నడిపేవాణ్ణి. నడవలేని పెద్దవాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని చర్చికి తేవడం, ఆరాధన అయ్యాక మళ్ళీ దించడం. ఆ పని అప్పగించినప్పుడు మా పాస్టరు అయ్యగారు దాన్ని పరిచర్య అన్నారు. ఆ మాటకు నేను పొంగిపోయాను, ఇప్పటికీ పొంగుతాను. దేవుని ఇంట్లో చిన్న పని దొరకడం కూడా కృపే. అయితే పరిచర్య చేసే మనిషికి ఇంకేమీ అక్కర్లేదని మనవాళ్ళకు ఒక నమ్మకం. చివరి ముసలమ్మను దించేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. "దేవుడు నిన్ను దీవించును గాక నాయనా" అని ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేది. లోపలి నుంచి కూర వాసన వచ్చేది. నేను వ్యాను అప్పజెప్పి బస్టాండు పక్కన హోటల్లో తిని ఇంటికి వెళ్ళేవాణ్ణి.

ఇక అసలు సంగతి. కోట అనే ఊరి అవతల సముద్రం వైపు రొయ్యల గుంటలున్న ఒక రైతు మా షోరూముకు వచ్చాడు. వాళ్ళ ఊరి సంఘంలో పెద్ద. సభల్లో ఎక్కడో చూసిన ముఖమే. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"వందనాలన్నా. నువ్వు ఈడ ఉండావని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణే. ఇంటికి బండి కావాల. డీజిలు బండి చూపించు."

"గుంటల దగ్గరికి రోజూ తిరుగుతావా?"

"పొద్దున సాయంత్రం. దగ్గరే. నెలకొకసారి నెల్లూరు."

"అయితే డీజిలు వద్దు. కొత్త డీజిలు బండ్లు దూరం పోతేనే బాగుంటాయి. ఊరికే దగ్గర దగ్గర తిప్పితే పొగ వడకట్టే జల్లెడ మూసుకుపోతుంది. నీకు పెట్రోలే మేలు."

"మా నాయన కాలం నుంచి ఇంట్లో డీజిలే గదన్నా."

"మీ నాయన తోలింది ట్రాక్టరు."

పెద్దగా నవ్వాడు. మధ్యరకం ఎస్‌యూవీ ఒకటి చూపించాను. అయిదుగురు కూర్చునే పెట్రోలు బండి. నేలకు ఎత్తుగా ఉంటుంది, గట్టు దారిలో అడుగు తగలదు. చుట్టూ తిరిగి చూశాడు, డిక్కీ తెరిచి మూశాడు, టైరును కాలితో తన్నాడు. టైరును ఎందుకు తంతారో నాకు ఇప్పటికీ తెలియదు, అందరూ తంతారు. తరవాత నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అన్నాడు:

"అన్నా, నువ్వు విశ్వాసివి. అమ్మేవాడి మాదిరి చెప్పబాకు. ఇంటికి తీసుకొచ్చి అందర్నీ ఎక్కించి చూపించు. మా ఇంటికి సరిపోతాదంటే కొంటా. లేదంటే లేదు. నీ మాటే."

మా మేనేజరు నా కన్నా చాలా చిన్నవాడు. తెలివైనవాడు, చెడ్డవాడు కాదు. నెలాఖరు కావడంతో ఆ రోజుల్లో ఎవరి ముఖం చూసినా ఆయనకు అమ్ముడుపోయే బండే కనిపించేది.

"అంకుల్, ఈ పార్టీ పోకూడదు."

"పోదు సార్."

"మీరు ప్రార్థన చేసుకుని ఎక్కండి. నేను ఇక్కడ ఫోను పట్టుకుని కూర్చుంటా."

ఆ సాయంత్రం ఎండ తగ్గాక బయల్దేరాను. కోట దాటాక పొలాలు పోయి గుంటలు వచ్చాయి. నీళ్ళలో గాలి కలిపే చక్రాలు తిరుగుతూ నురగ చిమ్ముతున్నాయి. గాలిలో ఉప్పు తెలుస్తోంది. ఇల్లు గుంటల పక్కనే, ఊరికి దూరంగా ఉంది. రైతు, అతని భార్య, ముసలి తల్లి, కాలేజీకి వెళ్ళే కూతురు, బడికి వెళ్ళే కొడుకు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక నుంచి ఒకామె మజ్జిగ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో తుండుగుడ్డ. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని వచ్చింది.

"మా అక్క" అన్నాడు రైతు. "పెండ్లి చేసుకోలా. మాతోనే ఉంటాది."

ఆమె "వందనాలన్నా" అని పక్కకు జరిగింది.

నేను నా మాట అన్నాను: "ఆదివారం పొద్దున చర్చికి బయల్దేరినట్టు కూర్చోండి."

అందరూ చెప్పులు విప్పేశారు. కొత్త బండి ఎక్కేటప్పుడు మనవాళ్ళు చెప్పులు బయటే వదులుతారు, వద్దన్నా వినరు. రైతు స్టీరింగు ముందు కూర్చున్నాడు, నేను ఇంకా పక్కనే నిలబడి ఉన్నాను. అతని భార్య ముందుసీటులో కూర్చుంది. ముసలమ్మ వెనక ఎడమవైపు, పిల్లలిద్దరూ ఆమె పక్కన. తలుపులు నాలుగూ మూసుకున్నాయి. బండి నిండిపోయింది.

అక్క బయట ఉంది.

ఆమె ఎక్కడానికి ముందుకు రాలేదు. లోపలివాళ్ళు ఎవరూ ఆమె కోసం తలతిప్పి చూడలేదు. అంత సహజంగా జరిగిపోయింది. నాకు బండి చూపించాల్సిన పని ఉంది కాబట్టి అతని భార్యను వెనక్కి జరగమని, కొడుకును ముసలమ్మ ఒళ్ళోకి వాల్చి, నేను ముందు ఎక్కాను. రైతు గట్టు మీదికి పోనిచ్చాడు. పక్క అద్దంలో అక్క కనిపించింది. వంగలేక వంగుతూ, చెదిరి ఉన్న చెప్పులను చేత్తో జతలు జతలుగా కలుపుతోంది.

బండిలో సందడి మొదలైంది.

"ఒరే, ఇది ఆటో మాదిరి ఎగరలేదేంది?" అంది ముసలమ్మ.

"ఎగరాలంటే చెప్పమ్మా, ఆ గుంతలో దించతా."

"వొద్దులే. నాకున్న నడుము ఒక్కటే."

అతని భార్య వెనక గాలి రావడం లేదంటే మీట చూపించాను. పిల్లవాడు పైకప్పు అద్దం తెరవమని గోల. నేను అడుగు తగలడం లేదని, ఉప్పుగాలికి కింద తుప్పు పట్టకుండా పూత వేయించుకోవాలని చెబుతూ, మధ్యలో మామూలుగా అడిగినట్టు అడిగాను.

"అక్కగారు ఆదివారం ఎలా వస్తుంది?"

"వదిన పరిచర్యలో ఉందన్నా" అంది రైతు భార్య. ఆమె గొంతులో గౌరవమే ఉంది. "పొద్దున్నే పోయి చర్చి ఊడ్చాల, చాపలు పరచాల. మాతో రావడం కుదరదు. నడిచిపోతాది."

"ఇంత దూరమా?"

"ఆమెకి నడకంటే ఇష్టం."

"ఇష్టం ఏముందమ్మా" అంది కూతురు. "మోకాళ్ళు పట్టేస్తే అత్త దారిలో కూచుండిపోతాది. మా కాలేజీ పిల్లోళ్ళు చూసి చెప్పినారు."

"నీకు అన్నీ కావాల" అంది తల్లి. రైతు బండిని ఇంటి వైపు తిప్పాడు. ముసలమ్మ కిటికీలోంచి గుంటల వైపు చూస్తూ ఉండిపోయింది.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎవరినైనా ఒక పనిమనిషిలా చూశామని తెలిస్తే ఆ రైతు ఆ రాత్రికి భోజనం చేయడు. కానీ ఆమె నడకకు వాళ్ళు పరిచర్య అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టాక ఇక ఎవరూ దాన్ని బాధ అనుకోలేరు, ఆమెతో సహా. ఇలాంటి పొరపాటు దేవుని వాక్యం తెలిసిన ఇళ్ళలోనే జరుగుతుంది. వాక్యం తెలియని ఇంట్లో అయితే ఎవరో ఒకరు "ఆమెను కూడా ఎక్కించుకోండయ్యా" అనేవారు.

తిరిగి వచ్చి గేటు ముందు ఆపాక రైతు ఉత్సాహంగా దిగాడు.

"చెప్పన్నా. సరిపోతాదా మాకు?"

అవునంటే అయిపోయేది. ఇంజను మంచిది, బండి మంచిది, పెట్రోలు నిర్ణయం మంచిది. మేనేజరు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. కానీ ఆ మనిషి నన్ను బండి మంచిదా అని అడగలేదు.

"బండి బాగుంది. మీ ఇంటికి చాలదు."

"ఎందుకు చాలదన్నా? అయిదుగురమే గదా."

"ఆరుగురు."

అతను అర్థంకాక నా ముఖంలోకి చూశాడు, తరవాత ఇంటి వైపు చూశాడు. అక్క ఖాళీ గ్లాసులు తీసుకోవడానికి అప్పుడే వచ్చి నిలబడి ఉంది. ఏడుగురు కూర్చునే బండి ఉందని, ధర ఎక్కువైనా అదే చూడమని నేను చెప్పబోయాను. నన్ను చెప్పనివ్వలేదు ఆమె.

"నన్నెందుకన్నా లెక్కలోకి తీసుకుంటావు? నేను నిన్ను అడిగినానా?"

"లేదమ్మా, నేను..."

"నాకంటూ ఉండేది ఆ నడకొక్కటే. దేవుని పనికి నా కాళ్ళ మీద పోతుండా. దాన్ని కూడా మీ బండిలో పెట్టేస్తే నాకేముంటాది?"

గ్లాసులు తీసుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది. గోడ కూడా పట్టుకోలేదు.

రైతు భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేమేదో ఆమెని దూరం పెట్టినట్టు మాట్లాడినావన్నా. ఆమెకి మేం ఏం తక్కువ చేసినాం?"

ముసలమ్మ బండిలోంచి ఇంకా దిగలేదు. అక్కడి నుంచే అంది: "నేను దిగతా. నా చోట్లో అది కూచుంటాది. నాకేం, నేను ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటా."

"ఊరుకో అమ్మా" అన్నాడు రైతు. నాతో "మళ్ళీ చెప్తాన్నా" అన్నాడు. చేతులు పట్టుకోలేదు.

తిరుగుదారిలో అయిదు సీట్ల బండిలో నేనొక్కణ్ణి. బండి చాలా నిశ్శబ్దంగా నడిచింది. అది దాని గొప్పతనమని వందసార్లు కస్టమర్లకు చెప్పాను, ఆ రోజు మాత్రం భరించలేకపోయాను. కిటికీలు దించేశాను. ప్రభువా, నేను మాట్లాడింది ఆమె కోసమా, నా కోసమా అని అడిగాను. ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడింది ఆమె. అయినా "ఆరుగురు" అన్నప్పుడు నాకే కోపం వచ్చింది. ఇంకొకరింటి లెక్కలో అంత కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు; కూర వాసన వచ్చే తలుపు బయట ప్రతి ఆదివారం నిలబడేది నేను. చిన్నప్పటి నుంచీ విన్న బైబిలు వాక్యభాగం ఒకటి గుర్తొచ్చింది. ప్రభువు అయిదు రొట్టెలను వేలమందికి పంచిన చోట లెక్కపెట్టినవాళ్ళు పురుషులను మాత్రమే లెక్కపెట్టారు. కానీ రొట్టెలు అందరికీ అందాయి. లెక్క రాసినవాళ్ళది ఒక పద్ధతి, పంచినవాడిది ఇంకో పద్ధతి. సండే స్కూల్లో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. అందులో ఇది ఉందని నాకు అంతవరకు తోచలేదు.

మేనేజరు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంకుల్, కారు అమ్మమన్నాం. ఇల్లు చక్కబెట్టమనలా."

కొన్నాళ్ళు నన్ను టెస్ట్ డ్రైవులకు పంపలేదు, సర్వీసుకు వచ్చిన బండ్లు కడిగే చోట నిలబెట్టాడు. అక్కడ కుటుంబాలు ఉండవు. తడి బండ్లే. ఆ మధ్యలోనే తెలిసింది, ఆ రైతు కావలిలో వేరే షోరూములో బండి కొన్నాడని. అదే పెట్రోలు బండి, అవే అయిదు సీట్లు. కుర్రవాళ్ళు ఆ కబురు నాకు కాస్త జాగ్రత్తగానే చెప్పారు. నేను ప్రార్థనలో ఆ ఇంటి పేరు ఎత్తడం కూడా కొన్నాళ్ళు మానేశాను. ఒక ఆడమనిషిని నలుగురిలో చిన్నబుచ్చి, షోరూముకు నష్టం చేసి, ఎవరికీ ఏ మేలూ చేయలేదని నా మనసుకు బలంగా తోచింది.

చాలా రోజుల తరవాత వాళ్ళ ఊరి సంఘం వార్షికోత్సవానికి మా అయ్యగారిని ప్రసంగానికి పిలిచారు. వ్యాను నేనే నడపాలి. వెళ్ళడానికి మనసొప్పలేదు, తప్పించుకునే దారీ లేదు. తెల్లవారుతూనే చేరుకున్నాం. అయ్యగారు అక్కడి సంఘ కాపరి గారి ఇంటికి కాఫీకి వెళ్ళారు. చర్చికి తాళం వేసి ఉంది. నేను మెట్ల మీద కూర్చున్నాను.

ఆ బండి వచ్చింది. రైతు నడుపుతున్నాడు. పక్కన ముందుసీటులో అక్క. వెనకసీట్లు ఖాళీగా ఉన్నాయి. ఆమె తలుపు తెరుచుకుని, ఒక కాలు దించి, కాస్త ఆగి, రెండో కాలు దించింది. రైతు నన్ను చూసి ఇబ్బందిగా నవ్వాడు, దిగి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"రెండు ట్రిప్పులన్నా. ముందు అక్కని దించి, మళ్ళీ పోయి వాళ్ళని తెస్తా. పొద్దున రొయ్యలకి మేత వేసే పని వేరేవాళ్ళకి చెప్పినా." బండి వైపు చూసి అన్నాడు: "పెట్రోలు కొంచెం తాగతాది. తాగనీలే."

నేను ఏడు సీట్ల బండి అని పట్టుబట్టినవాణ్ణి. రెండు ట్రిప్పుల సంగతి నాకు తట్టనే లేదు. ఇంతకాలం బండ్లు కొలిచిన అనుభవం అంతవరకే పనికొచ్చింది.

అతను వెళ్ళిపోయాడు. ఆమె తాళం తీసింది. నాతో మాట్లాడుతుందో లేదో తెలియక నేను చీపురు అందుకోబోయాను.

"అది నా పని. నువ్వు ఆ చాపలు తీసుకురా అన్నా" అంది. ఆ మాటతో నాకు ఊపిరి ఆడింది.

ఆమె ఊడవడం అయ్యేసరికి నేను చాపలు మోసి తెచ్చాను. చాపల కట్ట విప్పుతూ నేనే అడిగాను:

"నడకే బాగుండేదా అమ్మా?"

ఆమె ఆలోచించింది. "నడిచేటప్పుడు దేవునితో మాట్లాడుకుంటా పోయేదాన్ని. ఇప్పుడు తమ్ముడు పక్కనుంటాడు, గట్టిగా మాట్లాడలేను. మేమిద్దరం కూడా ఏం మాట్లాడుకోం. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, మాట్లాడేదానికి మాటల్లేవు మాకు."

"మరి?"

"మరేం లేదు. వాడికి ఏసీ కావాల. నాకు పడదు, తల పట్టేస్తాది. ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలా. మొదటిరోజే వాడు ఏసీ ఆపేసి నా పక్క అద్దం దించినాడు." చాప అంచు చేత్తో సవరించింది. "మా అమ్మ కూడా ఎరగదు ఆ సంగతి. వాడికి ఎట్లా తెలుసో."

బయట ఎండ పైకి వస్తోంది. ఆమె నా వైపు చూసి, "మీ ఇంట్లో ఎవరుండారన్నా?" అంది.

"ఎవరూ లేరమ్మా."

"అయితే మధ్యాహ్నం మా ఇంటికి రా. అన్నం తిని పోదువు."

"కుదరదమ్మా. అయ్యగారిని దించాలి. వ్యాను అప్పజెప్పాలి. పరిచర్య కదా."

ఆమె చాప పరచడం ఆపింది.

"నేనూ అట్నే చెప్పేదాన్నన్నా" అని, చాప రెండో కొస నా చేతికిచ్చింది.